లంకెబిందెల నేలలో మెటల్ డిటెక్టర్: అనుమతి ఎవరిది, దేనికి?

కృష్ణా డెల్టాలో లంకెబిందెల కథ లేని ఊరు అరుదు. పాత కోటగోడ పక్కనో, శివాలయంలో నంది కిందో, ఊరి బయటి పాటిదిబ్బలోనో ఏదో ఉందన్న మాట తరాలుగా నడుస్తూనే ఉంది. ఇప్పుడు ఆ మాటకు ఒక యంత్రం తోడైంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మెటల్ డిటెక్టర్‌తో కృష్ణ ఇసుకతిన్నెల మీదో, కాలువగట్టు మీదో, పోరంబోకు దిబ్బ మీదో తిరిగే మనిషి ముందుగా ఎవరి అనుమతి తీసుకోవాలి? అసలు తీసుకోవాలా?

పురావస్తు శాస్త్రవేత్త దీనికి ఒక జవాబు చెబుతారు, రెవెన్యూ అధికారి మరొకటి, నాణేల సేకర్త ఇంకొకటి. ఊరివాళ్ల లెక్క వేరే. ఎవరి జవాబులో వారికి న్యాయం ఉన్నా వాదం ముందుకు సాగదు. మూడు వేర్వేరు పనులను ఒకటిగా కలిపి మాట్లాడుకోవడం ఇందుకు ఒక కారణం. పైన కనబడినదాన్ని ఏరుకోవడం ఒకటి. లోపల ఏముందో యంత్రంతో కనిపెట్టడం రెండోది. దానికోసం నేల తవ్వడం మూడోది. చట్టం ఈ మూడింటినీ ఒకేలా చూడదు. మట్టిలోని చరిత్రకు జరిగే నష్టమూ మూడింట్లో ఒకేలా ఉండదు.

దీపాలదిన్నె నుంచి భట్టిప్రోలు దాకా

ఈ వాదానికి మన ప్రాంతంలో రెండు శతాబ్దాల పూర్వచరిత్ర ఉంది. చింతపల్లి నుంచి రాజధానిని మార్చుకున్న వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 18వ శతాబ్దం చివర్లో అమరావతిలో కొత్త పట్నం కట్టించారు. కట్టడాలకు రాయి కావాలి. పక్కనే దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ, దాని లోపల పాత బౌద్ధ స్తూపం ఉన్నాయి. రాళ్ల కోసం, లోపల నిధి ఉంటుందన్న ఆశతో దాన్ని తవ్వారు. 1797లో సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చేసరికి చెక్కడాల పలకలు బయటపడుతున్నాయి. ఆయన 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించే నాటికి స్తూపంలో చాలా భాగం పోయింది. దిబ్బ నడుమ కోనేరు తవ్వే పని కూడా జరిగింది. శిల్పాలు మెట్లలోకి, గోడల్లోకి చేరాయి.

తర్వాత వచ్చినవారు చదువుకున్నవారే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన పలకలు మద్రాసుకు, అక్కణ్నుంచి 1859లో లండన్‌కు వెళ్లాయి. 1877లో రాబర్ట్ సూయెల్ తవ్వారు. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో మిగిలిన స్థలాన్నంతా తవ్వి తీశారు. 1881 చివర జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి ఏ పలక ఏ పొరలో, దేని పక్కన ఉండేదో చెప్పగల ఆధారం చాలావరకు చెరిగిపోయింది. మెకంజీ గీయించిన బొమ్మలు లేకపోతే ఈ రోజు ఆ స్తూపం ఆకారాన్ని ఊహించడం కూడా కష్టమయ్యేది.

భట్టిప్రోలులోనూ ఇదే వరస. స్తూపం ఇటుకలూ రాళ్లూ రోడ్డు పనులకూ కాలువ కట్టడాలకూ వెళ్లాయి. 1892లో అలెగ్జాండర్ రియా మిగిలిన గర్భంలో తవ్వినప్పుడు శాసనాలున్న మూడు రాతిపెట్టెలు, వాటిలో ధాతువుల భరిణెలు దొరికాయి. దక్షిణాది లిపుల చరిత్రలో ఆ అక్షరాలకు ప్రత్యేక స్థానం ఉంది. పెట్టెలు స్తూపగర్భంలో, పేర్చిన ఇటుకల మధ్య, ఉన్నచోటే దొరకడం వల్ల ఆ అక్షరాలు ఏ కట్టడానివో, ఏ సందర్భానివో చెప్పగలుగుతున్నాం. రాళ్ల కోసం తవ్వినవారి గునపం ఇంకాస్త లోపలికి దిగి ఉంటే అవి ఎవరి ఇంటికో చేరి, ఊరూ పేరూ లేని బంగారు పూలుగా, స్ఫటికపు భరిణెలుగా మిగిలేవి.

ఈ రెండుచోట్లా పెద్ద నష్టం చేసినవారిలో ఒక్కరూ దొంగచాటుగా రాలేదు. జమీందారు తన ఏలుబడిలోని దిబ్బను తవ్వించారు. ప్రభుత్వ ఇంజనీర్లు ప్రభుత్వ పనికి ఇటుక తీసుకున్నారు. గవర్నరు ఆదేశం కాగితం మీదే ఉంది. డెల్టా అనుభవం చెప్పేదేమిటంటే, అనుమతి ఉన్నంత మాత్రాన నేల భద్రం కాదు. తవ్వినదేదో, ఎక్కడో, ఎంత లోతులోనో రాసిపెట్టినచోట మాత్రమే ఏమైనా మిగిలింది. అనుమతి గురించిన చర్చ ఈ సంగతి మరచినప్పుడల్లా ఎవరి సంతకం కావాలన్న పాత ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పది రూపాయల చట్టం

అమరావతిలో సూయెల్ తవ్విన మరుసటి ఏడాదే, 1878లో, భారత నిక్షేప చట్టం వచ్చింది. గుప్త నిధుల కేసుల్లో ఇప్పటికీ మొదట తీసేది దీన్నే. మట్టిలో, లేదా మట్టికి అంటిపెట్టుకున్న కట్టడంలో, దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా ఈ చట్టం లెక్కలో నిక్షేపమే. దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవారు ఏం దొరికిందో, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. వస్తువును దగ్గరి ఖజానాలో జమ చేయాలి, లేదా పూచీకత్తు ఇవ్వాలి. చెప్పకుండా దాస్తే వాటా పోతుంది, ఏడాది వరకు జైలు పడవచ్చు.

జనం అనుకునే దానికి భిన్నంగా, దొరికిందంతా సర్కారుదేనని ఈ చట్టం మూలపాఠం అనదు. కలెక్టరు ప్రకటన ఇవ్వాలి, హక్కుదారులకు కనీసం నాలుగు నెలల గడువు ఉండాలి, విచారణ జరగాలి. సొంతదారు లేని నిక్షేపమని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, ముప్పాతిక వాటా దొరికినవారికి, పాతిక వాటా స్థలం సొంతదారుకు. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు.

తమకు దక్కేది ఏదో ఉందని దొరికినవారికి నమ్మకం కలిగిస్తేనే వారు దాచకుండా చెబుతారన్న ఆలోచన ఈ చట్టంలో ఉంది. ఆ ఆలోచన మంచిదే. లోపం లెక్కలో ఉంది. శాతవాహనుల నాణేల్లో చాలావరకు సీసంవి, రాగివి. చరిత్రకారుడికి ఒక కొత్త రాజు పేరున్న సీసపు నాణెం బంగారు గొలుసు కంటే ఎక్కువ. చట్టం లెక్కలో దాని వెల అందులోని సీసం వెల, పైన అయిదో వంతు. బంగారం దొరికినవాడు కరిగించి అమ్ముకుందామనుకుంటాడు, సీసం దొరికినవాడు పక్కన పారేస్తాడు. ఇద్దరినీ కలెక్టరు ఆఫీసు మెట్లెక్కించే బలం ఈ లెక్కకు లేదు. పది రూపాయల హద్దు గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో ముడి ఉంది. చట్టం చెప్పేది దొరికిన తరువాతి సంగతి. వెతకడానికి అనుమతి కావాలా అన్నది అందులో లేదు. నాగలికి తగిలిన కుండ, పునాది తీస్తుంటే బయటపడ్డ బిందె, ఇవే ఆ రోజుల్లో దొరికే తీరు. కావాలని యంత్రంతో వెతుక్కుంటూ వచ్చేవారిని 1878లో ఎవరూ ఊహించలేదు.

1958 తరువాత

స్వతంత్ర భారతంలో వచ్చిన ప్రాచీన కట్టడాల చట్టం (1958) స్థలాన్ని కాపాడటం మీద దృష్టి పెట్టింది. రాష్ట్రానికి 1960లో తన సొంత చట్టం వచ్చింది. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన వస్తువుల ఎగుమతినీ, వ్యాపారాన్నీ అదుపు చేస్తుంది. మన పరిసరాల్లో ఉండవల్లి గుహలు, విజయవాడ నడిబొడ్డున ఉన్న మొగల్రాజపురం, అక్కన్న మాదన్న గుహలు, అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల కేంద్ర రక్షణలో ఉన్నాయి.

రక్షిత స్థలం హద్దు లోపల 1958 చట్టం 19వ సెక్షను స్పష్టంగానే ఉంది. తవ్వకమే కాదు, కేంద్రం అనుమతి లేకుండా ఆ స్థలాన్ని వేరే ఏ విధంగా వాడుకున్నా నేరమే. రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అక్కడ డిటెక్టరు తిప్పి, తవ్వలేదు కదా అంటే వాదన నిలవడం కష్టం.

హద్దు దాటాక చిక్కు మొదలవుతుంది. 2010 సవరణ రక్షిత హద్దు నుంచి 100 మీటర్లను నిషేధిత ప్రాంతంగా, ఆపైన 200 మీటర్లను నియంత్రిత ప్రాంతంగా స్థిరపరచింది. కానీ ఆ వలయాలకు పెట్టిన ఆంక్షలు ప్రధానంగా కట్టడాలకూ గనుల పనికీ సంబంధించినవి. వాటిలో ఒక మనిషి యంత్రం పట్టుకుని నడిస్తే తప్పా అన్నది సూటిగా లేదు. ఏ రక్షణ జాబితాకూ ఎక్కని పాటిదిబ్బల సంగతి మరీ అన్యాయం. డెల్టాలో రైతులు పాటిమట్టిని ఎరువుగా పొలాలకు తోలుకోవడం పాత అలవాటు. వందల ఏళ్ల ఊరి బూడిద, పెంకులు, ఎముకలు కలిసిన ఆ మట్టి పైరుకు బలం. ఆ బళ్లలో, తరువాత ట్రాక్టర్లలో, ఎన్ని ఊళ్ల చరిత్ర పొలాల్లో చల్లుకుపోయిందో లెక్క కట్టే దారి లేదు.

ప్రభుత్వ స్థలం ఎవరి చేతిలో ఉంది

అనుమతి అడగాలనుకున్న మనిషికి వచ్చే మొదటి ఇబ్బంది, ఆ స్థలం ఏ శాఖ చేతిలో ఉందో తెలియకపోవడం. పోరంబోకు, బంజరు రెవెన్యూ శాఖవి. కాలువగట్టు, నదీగర్భం జలవనరుల శాఖవి. కొండ అటవీ శాఖది కావచ్చు. గ్రామకంఠంలో పంచాయతీ మాట ఉంటుంది. గుడి మాన్యం ప్రభుత్వానిదిగా కనబడినా అది దేవుడి ఆస్తి; దేవాదాయ శాఖ చూసుకునేది మాత్రమే. సముద్రంలోకి వెళ్తే రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం ప్రాదేశిక జలాల కింద ఉన్న విలువైనవన్నీ కేంద్రానివి.

ఇందులో ఎవరి దగ్గరా డిటెక్టరుకు అనుమతి ఇచ్చే ఫారం లేదు. తహసీల్దారు సరే అన్నా ఆ మాట నేల మీద నడవడానికే సరిపోతుంది. లోపలి పురావస్తువును తీసే అధికారం ఆయనది కాదు. రక్షణలో లేని చోటైనా సరే, పురావస్తు తవ్వకం చేయాలన్నా చేయించాలన్నా రాష్ట్ర ప్రభుత్వమే ముందుగా కేంద్రం ఆమోదం తీసుకోవాలని 1958 చట్టం 24వ సెక్షను అంటుంది. రాష్ట్రానికే ఆ కట్టుబాటు ఉన్నప్పుడు ఒక వ్యక్తి తహసీల్దారు నోటిమాటతో గునపం దించడం ఎలా చెల్లుతుంది?

2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో జరిగింది ఈ గందరగోళానికి బాగా తెలిసిన ఉదాహరణ. గుప్త నిధి కోసం ప్రభుత్వ అనుమతితోనే, అధికారుల సమక్షంలో, తవ్వకాలు మొదలయ్యాయి. ఎముకలు, ఇటుకల వంటివి బయటపడ్డాయి, నిధి దొరకలేదు. అంతకు నాలుగేళ్ల ముందు, 2013 అక్టోబరులో, ఉత్తరప్రదేశ్‌లోని దౌండియా ఖేరాలో ఒక సాధువుకు వచ్చిన కల ఆధారంగా వెయ్యి టన్నుల బంగారం ఉందన్న ప్రచారం రేగి, పురావస్తు శాఖే తవ్వకానికి దిగింది. బంగారం లేదు. నిధి వేటకు సర్కారు ముద్ర పడితే, రాత్రిపూట నంది విగ్రహాన్ని పెకలించే ముఠాను ఏ నోటితో తప్పు పడతారన్న ప్రశ్న అప్పట్లో గట్టిగానే వినిపించింది. ఆ ప్రశ్న న్యాయమైనదే.

నాలుగు వైపుల వాదనలు

అన్నిటికంటే కఠినమైన వాదన పురావస్తు నిపుణులది. వస్తువు విలువలో సగం పైగా అది ఉన్న చోటులోనే ఉంటుంది. పొర చెదిరితే తిరిగి కూర్చలేం. కాబట్టి అనుమతి లేకుండా యంత్రం తిప్పడమే ఆపాలి. వీరి వాదనకు డెల్టా నేల బలమిస్తుంది. నాణెం సైజు వస్తువును మామూలు డిటెక్టరు కనిపెట్టేది మహా అయితే అడుగు లోతు వరకే. ఒండ్రు కప్పేసిన చోట పాత పొరలు అంతకంటే ఎంతో కింద ఉంటాయి, అక్కడ యంత్రానికి మేకులూ సీసా మూతలే దొరుకుతాయి. పాత పొరలు పైకి తేలి ఉండేది దిబ్బల మీద. అంటే యంత్రం పనిచేసేది సరిగ్గా మనం కాపాడుకోవలసిన చోట్లనే. బందరు వైపు తడి ఉప్పునేలలో యంత్రం తప్పుడు మోతలు మోగిస్తుంది, దాన్ని నమ్మి తవ్వే గుంటలు మరీ వృథా.

దీనికి ఎదురు నిలిచేది, ఏరుకోవడం నేరమెలా అవుతుందన్న వాదన. కృష్ణ వంతెన మీద రైలు వెళ్తుంటే జనం కృష్ణమ్మకు నాణెం విసురుతారు. ఘాట్ల దగ్గర తాడుకు అయస్కాంతం కట్టి ఆ చిల్లర తీసుకునే పిల్లలను, నీళ్లలో మునిగి ఏరుకునేవారిని బెజవాడలో చూడనివారు లేరు. ఇప్పటి ఉక్కు నాణేలు అయస్కాంతానికి అంటుకుంటాయి కాబట్టి అది సాగుతోంది. 2020 నవంబరులో నివర్ తుపాను తరువాత కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో బంగారు పూసల కోసం ఊరంతా ఇసుక జల్లెడ పట్టింది. చందర్లపాడు మండలం గుడిమెట్లలో తొలకరి పడితే వజ్రాల కోసం జనం చేరతారు. వీటిలో ఎవరూ అనుమతి అడగరు, ఎవరూ ఆపరు. చట్టం కూడా ఈ విషయంలో కొంత మెత్తనే. దారిలో రూపాయి దొరికి, అది ఎవరిదో తెలియక తీసుకున్నవాడు నేరం చేసినట్టు కాదని భారత శిక్షాస్మృతి 403వ సెక్షను కింది ఉదాహరణే చెప్పేది. ఆ నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షను. పోగొట్టుకున్నవారు దొరికే వీలుంటే తగిన ప్రయత్నం చేయకుండా సొంతం చేసుకుంటే మాత్రం తప్పే.

ఈ వాదనలో పేదవాడి పొట్టకూటి పట్ల ఉన్న సానుభూతిని కాదనలేం. అయితే నిన్న నదిలో పడ్డ రూపాయికీ దిబ్బలో రెండు వేల ఏళ్లుగా ఉన్న నాణేనికీ ఒకే సూత్రం చెల్లదు. నది నాణేలను రోజూ కదిలిస్తుంది, అక్కడ చెదిరే పొర లేదు. అయస్కాంతం తాడును దిబ్బ తవ్వకానికి సాకుగా చూపేవారు ఆ పిల్లల పేరును వాడుకుంటున్నారు.

మూడో పక్షం నమోదు కోరుకునేవారిది. నిషేధం పెడితే వస్తువులు చీకటి బజారుకు పోతాయి, చెప్పినవారికి గౌరవం, తగిన సొమ్ము ఇస్తే బయటికి వస్తాయి అంటారు. నాలుగోది ఊరి మాట. మా ఊరి దిబ్బ, మా గుడి సొత్తు. దొరికింది జిల్లా ఖజానాకో పరాయి మ్యూజియానికో పోతే మాకేం మిగులుతుంది? అమరావతి పలకలు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నంతకాలం ఈ ప్రశ్నను మూర్ఖత్వమని కొట్టేయడానికి లేదు. ఘంటసాలలో దొరికినవాటికి ఘంటసాలలోనే మ్యూజియం ఉండటం దీనికి కొంత జవాబు.

ఇతర దేశాల అనుభవం

నమోదు పక్షంవారు ఎప్పుడూ చూపేది ఇంగ్లండును. అక్కడ భూమి సొంతదారు అనుమతితో డిటెక్టరు వాడవచ్చు. రక్షిత స్థలాల్లో 1979 చట్టం ప్రకారం ప్రత్యేక అనుమతి లేకుండా వాడటమే నేరం. 1996 చట్టం కింద నిక్షేపం దొరికితే 14 రోజుల్లో చెప్పాలి, మ్యూజియం తీసుకుంటే ప్రతిఫలం మార్కెట్ విలువను బట్టి ఉంటుంది. దానికి తోడుగా 1997లో మొదలైన నమోదు పథకంలో పది లక్షలకు పైగా వస్తువుల వివరాలు చేరాయి. ఐర్లండు దీనికి పూర్తిగా భిన్నం. పురావస్తువుల కోసం డిటెక్టరు వాడాలంటే దేశంలో ఎక్కడైనా ముందస్తు అనుమతి ఉండాల్సిందే. ఫ్రాన్సులో 1989 నుంచి ప్రభుత్వ అనుమతి కావాలి.

ఈ రెండు దారుల్లో మనకేది తగును? ఇంగ్లండు పద్ధతి నిలబడింది ప్రాంతానికొక అధికారి రైతుల దగ్గరికీ డిటెక్టరు బృందాల దగ్గరికీ వెళ్లి వస్తువులు చూసి రాసుకోవడం వల్ల. ఆ మనుషులు లేకుండా స్వేచ్ఛ ఒక్కటే తెచ్చుకుంటే దిబ్బలు గుంటలవుతాయి. అందుకే ప్రస్తుతానికి ఐర్లండు సూత్రమే మన దిబ్బలకు క్షేమం. కానీ అనుమతి కావాలని రాసి, దరఖాస్తు తీసుకునే గది లేకుండా వదిలేస్తే ఆ సూత్రమూ కాగితమే.

తేలని సంగతులు

పోగొట్టుకున్న వస్తువు, దాచిన వస్తువు ఒకటేనా అన్నది మొదటిది. దాగి ఉన్నది అన్న 1878 మాటకు, బాటసారి జేబులోంచి జారి మట్టిలో కూరుకుపోయిన నాణెం వస్తుందా రాదా అన్నదాని మీద రెండు వాదాలకూ తావుంది. ప్రభుత్వ స్థలంలో దొరికినప్పుడు స్థలం సొంతదారు వాటా తేల్చేది, స్థలం తరఫున నిలిచేది, కావాలంటే కొనేది కూడా ప్రభుత్వమే కావడం రెండోది. విచారణాధికారి అయిన కలెక్టరు పేదవాడి ముప్పాతిక వాటాను ఎంతవరకు కాపాడగలరన్న అనుమానం ఊళ్లలో బలంగా ఉంది. పంచనామాకు ముందే నోళ్లు మూతపడటానికి పోలీసు భయం ఎంత కారణమో ఈ అనుమానమూ అంతే.

మూడోది అన్నిటికంటే పెద్దది, చర్చలో అన్నిటికంటే తక్కువ వినబడేది. డెల్టాలో ప్రభుత్వ నేలను ఎక్కువగా తవ్వేది డిటెక్టరు పట్టుకున్నవారు కాదు. వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీసే పొక్లెయిన్లు, ఇసుక రీచ్‌లు, చెరువు మట్టి తోలకాలు, రోడ్లకు గ్రావెల్, అమరావతి రాజధాని పనులు. పులిచింతల జలాశయం కింద కోహినూరు పుట్టిల్లుగా చెప్పే కొల్లూరు గనులే మునిగిపోయాయి. ఈ పనులన్నిటికీ అనుమతులు ఉన్నాయి. ఒక్క గునపంతో దొరికినవాడికి ఏడాది జైలు చూపే వ్యవస్థ, వందల బళ్ల మట్టి ఎత్తే కాంట్రాక్టులో పాత ఇటుకవరస కనబడితే పని ఆపి కబురు చేయాలన్న షరతును ఎంత గట్టిగా అమలు చేస్తోంది? కబురు అందితే వచ్చి చూసే పురావస్తు ఉద్యోగి ఎంత దూరంలో ఉన్నాడు?

చట్టం మార్చకుండానే చేయదగిన పని ఒకటి ఉంది. మండల కార్యాలయంలో ఒక రిజిస్టరు పెట్టి, దొరికిన వస్తువు, చోటు, లోతు, తేదీ రాయించుకుని, తెచ్చినవారికి రసీదు ఇవ్వడం. లోతు తప్పిస్తే, 1878 చట్టం కలెక్టరుకు తెలియజేయమన్నవి దాదాపు ఇవే. డిటెక్టరు ఉన్నవారికీ పొక్లెయిన్ నడిపేవారికీ ఒకే రిజిస్టరు ఉండాలి. తదుపరి కృష్ణా పుష్కరాలు 2028లో వస్తాయి. వాటికి ముందు ఘాట్ల విస్తరణకూ నదీతీర పనులకూ మళ్లీ టెండర్లు పిలుస్తారు. ఆ టెండరు పత్రాల్లో ఈ షరతు ఉంటుందా లేదా అన్నది ఇప్పుడే అడగవలసిన ప్రశ్న.